పికప్ వెనక బ్రేకు ఎందుకు పట్టడం లేదు: పని చిట్టా

బండి డీజిల్ పికప్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, వెనక కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు), చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసు, చేపల ట్రేలు మోసిన బండి కాబట్టి అడుగుభాగమంతా ఉప్పునీళ్లు తాగి ఉంది. లక్షణాలు: బ్రేకు తొక్కగానే ముక్కు బాగా దిగుతోంది, ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతున్నాయి, వెనక లైనర్లు (డ్రమ్ముని లోపల్నుంచి ఒత్తే రాపిడి పట్టీలు) దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. పెడల్ మాత్రం ఎత్తుగా, గట్టిగా ఉంది.

స్పానర్ పట్టుకునే ముందు ఒక లెక్క. ముందు బ్రేకులు ఎక్కువ పని చేయడం లోపం కాదు. ఖాళీ బండి 1700 కిలోలు, వీల్‌బేస్ 3 మీటర్లు, గరిమనాభి నేల నుంచి 0.7 మీటరు ఎత్తులో ఉందనుకుందాం. 0.6 జీతో, అంటే గురుత్వ త్వరణంలో 0.6 వంతు బ్రేకింగ్‌తో ఆపితే 1700 × 0.6 × 0.7 ÷ 3, అంటే సుమారు 238 కిలోల భారం వెనక ఇరుసు నుంచి ముందుకు మారుతుంది. కదలని బండిలో వెనక 700 కిలోలు ఉంటే, ఆగే క్షణంలో 460 దాకా మిగులుతుంది. అంత తేలికైన చక్రానికి పూర్తి ప్రెషర్ ఇస్తే లాక్ అయి జారుతుంది. అదే బండిలో 800 కిలోల సరుకు వేస్తే వెనక బ్రేకు ఎక్కువ పట్టాలి. ఈ హెచ్చుతగ్గులు చూసుకునేది చాసిస్‌కి బిగించి ఉండే ఎల్‌ఎస్‌పీవీ (లోడ్ సెన్సింగ్ ప్రపోర్షనింగ్ వాల్వు). దాని లివర్‌ని ఒక రాడ్డు లేదా స్ప్రింగ్ వెనక ఇరుసు గొట్టానికి, అంటే హౌసింగ్‌కి కలుపుతుంది. సరుకు వేస్తే చాసిస్ దిగుతుంది, లివర్ కదులుతుంది, వెనక్కి ప్రెషర్ పెరుగుతుంది. అంటే ఈ వాల్వుకి తెలిసింది ఎత్తు ఒక్కటే. బరువు దానికి తెలియదు.

మొదటి కొలత వేడి. టైర్ల గాలి సరిచేసి, తెల్లవారుజామున ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి వరసగా ఆరుసార్లు, చక్రాలు లాక్ కాకుండా ఆపాలి. బీచ్ రోడ్డు ఈ పనికి వద్దు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మీద టైరు ముందే జారిపోతుంది, ఫలితం తప్పుతుంది. ఆగిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే ముందు డిస్కులు 165, 161 డిగ్రీలు. వెనక డ్రమ్ములు 56, 54. మెరిసే లోహం మీద ఈ పరికరం అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది. అందుకని డిస్కులో ప్యాడ్ తగలని, తుప్పు రంగు పట్టిన భాగం మీద కొలవాలి. డ్రమ్ము వేడి లోపలి నుంచి బయటికి రావడానికి కాసేపు పడుతుంది కాబట్టి రెండు నిమిషాలాగి మళ్లీ చూడాలి. కుడి ఎడమల మధ్య తేడా లేదు, ముందు వెనకల మధ్య చాలా ఉంది. అంటే ఒక చక్రంలో లోపం కాదు, వెనక ఇరుసు మొత్తానికే పని అందడం లేదు.

కాలి బలాన్ని పెంచే బూస్టర్ సంగతి త్వరగా తేలిపోతుంది. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగింది. అసలు బూస్టర్ బలహీనపడితే ముందూ వెనకా రెండూ తగ్గుతాయి.

తర్వాతిది ఖర్చు లేని పరీక్ష, దీన్ని ఎవరూ వదలకూడదు. ముందు చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనక చక్రాలు లేపాలి. స్టాండ్లు హౌసింగ్ కిందే పెట్టాలి. చాసిస్ కింద పెడితే ఇరుసు వేలాడుతుంది, ఎల్‌ఎస్‌పీవీ బండి ఖాళీ అనుకుని ప్రెషర్ కోసేస్తుంది, మంచి వాల్వు కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది. ఒకరు హ్యాండ్‌బ్రేకు లాగుతుంటే ఇంకొకరు చక్రం తిప్పి చూడాలి. ఈ బండిలో హ్యాండ్‌బ్రేకు నాలుగో క్లిక్కుకే రెండు చక్రాల్నీ గట్టిగా పట్టేసింది. అది వాడేది అవే లైనర్లు, అవే డ్రమ్ములు. కాబట్టి అనుమానం డ్రమ్ము నుంచి ప్రెషర్ వైపు మళ్లుతుంది. హ్యాండ్‌బ్రేకు, కాలి బ్రేకు రెండూ బలహీనంగా ఉంటే మాత్రం తప్పు డ్రమ్ములోనే: లైనర్‌కీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసే అడ్జస్టర్ ఇరుక్కోవడం, లైనర్ గాజులా నునుపు తేలడం, హౌసింగ్ సీలు కారి గేరాయిల్ పడటం. ఆయిల్ పీల్చిన లైనర్‌ని పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం వృథా. వేడెక్కగానే లోపలి ఆయిల్ పైకి వస్తుంది. జత మార్చాల్సిందే, అదీ రెండు వైపులా.

అయినా డ్రమ్ములు విప్పి చూశాం, ఉప్పునీళ్ల బండి కదా. బ్రేకాయిల్ ప్రెషర్‌తో లైనర్లను తోసే వీల్ సిలిండర్ల రబ్బరు బూట్లు పైకెత్తితే లోపల పొడిగా ఉంది, ఆయిల్ కారడం లేదు. అడ్జస్టర్ స్టార్ చక్రాలు తుప్పుతో బిగుసుకున్నాయి; తీసి వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, మరలకు బ్రేకు గ్రీజు రాసి వేశాం. డ్రమ్ము లోపలి వ్యాసాన్ని దాని మీదే పోతపోసిన గరిష్ఠ కొలతతో పోల్చి చూడాలి. దాటితే లేత్‌కి పంపడం కాదు, మార్చడమే. లోపలి ధూళిని గాలితో ఊదవద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, నీళ్లతో తడిపి తుడవాలి.

ఇక అసలు కొలత. రెండు ప్రెషర్ గేజీలు, ఒకటి ముందు కాలిపర్ (డిస్కు మీద ప్యాడ్లను నొక్కే భాగం) బ్లీడర్ నిపుల్ దగ్గర, అంటే గాలి తీసే మర దగ్గర, ఒకటి వెనక వీల్ సిలిండర్ నిపుల్ దగ్గర. బండి నాలుగు చక్రాల మీద, ఖాళీగా. పెడల్ తొక్కి ముందు గేజీ 60 బార్ దగ్గర నిలిపితే వెనక 21. మాన్యువల్లో ఖాళీ బండికి ఇచ్చిన పరిధి కంటే ఇది బాగా తక్కువ. అదే 60 బార్ దగ్గర లివర్‌ని సరుకు ఉన్న స్థానానికి చేత్తో జరిపి తొక్కితే వెనక గేజీ 57కి ఎక్కింది. వాల్వు లోపల ఇరుక్కోలేదు, పైపు మూసుకుపోలేదు, హోస్ లోపల వాచిపోలేదు. వాల్వుకి అందుతున్న ఎత్తే తప్పు.

కారణం కమాన్ కట్టలో కనిపించింది. ఎక్కువ బరువు కోసం ఎవరో ఒక్కో వైపు ఒక్కో పట్టీ అదనంగా వేయించారు. హౌసింగ్‌కీ చాసిస్‌కీ మధ్య దూరం మాన్యువల్ కొలత కంటే 40 మిల్లీమీటర్లు ఎక్కువ. చాసిస్ లేచిపోయింది కాబట్టి సగం సరుకు వేసినా వాల్వు దృష్టిలో బండి ఖాళీయే. దీనికి తోడు రాడ్డు బుష్షులు తుప్పుతో బిగుసుకుని లివర్ ఆలస్యంగా కదులుతోంది. కమాన్లు కుంగిన బండిలో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది: ఖాళీగా ఉన్నా వాల్వు సరుకుందనుకుంటుంది, మొదటి వానకే వెనక చక్రాలు లాక్ అవుతాయి.

అదనపు పట్టీలు తీసేయించాం, బుష్షులు మార్చాం, రాడ్డు పొడవుని మాన్యువల్ కొలతకు తెచ్చాం. లివర్‌ని తీగతో కట్టేయడం, వాల్వు తీసేసి పైపు నేరుగా కలిపేయడం రెండూ ప్రమాదమే. ఖాళీ బండి తడి రోడ్డు మీద అడ్డం తిరిగిపోతుంది.

నిపుల్స్ విప్పాం కాబట్టి బ్రేకాయిల్ మొత్తం మార్చాం. డాట్ 3 రకం బ్రేకాయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ పీల్చాక 140కే. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. ఈ సముద్రపు తేమలో రెండేళ్లు దాటిన ఆయిల్‌తో, పనంతా ముందు డిస్కుల మీదే పడుతూ అరకు ఘాట్ దిగితే పెడల్ కిందికి పోవడానికి అన్నీ సిద్ధంగా ఉన్నట్టే. ఒక లీటరు డాట్ 4 సరిపోయింది. గాలి తీసేటప్పుడూ బరువు ఇరుసు మీదే ఉండాలి. కొన్ని ఎల్‌ఎస్‌పీవీలకు సొంత నిపుల్ ఉంటుంది, దాన్ని మరిచిపోతే పెడల్ స్పాంజిలా ఉంటుంది.

ఇప్పటి కొలతలు: ముందు 60 బార్‌కి వెనక 33, మాన్యువల్ పరిధి లోపలే. అదే రోడ్డు, అదే ఆరు ఆపులు: ముందు 142, 140 డిగ్రీలు, వెనక ఎడమ 83, కుడి 72. ఆ కుడి తేడా కొత్తగా తేలింది, బహుశా అటువైపు అడ్జస్టర్ ఒకటి రెండు పళ్లు వెనకబడి ఉంటుంది. అది సరిచేశాక 50 కిలోల ఇసుక బస్తాలు 16 వేసి, గేజీలు మళ్లీ బిగించి, సరుకుతో వెనక ప్రెషర్ ఎంత పెరుగుతుందో రాయాలి.