బస్తా మధ్యలో చేయి పెట్టి చూస్తే

గ్రూప్-1 ఉద్యోగం నాకు రాలేదు. చివరిదాకా చదివాక మోసపోయామని ఎవరూ అనుకోకూడదని ముందే చెప్పేస్తున్నాను. అయినా వ్యాసం గురించి రాయడానికి కూర్చున్నానంటే కారణం ఉంది. 2024 అక్టోబరులో రాసిన మెయిన్స్ ఆరు పేపర్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చింది జనరల్ ఎస్సేలోనే. అంతకు రెండేళ్ల ముందు మాక్ పరీక్షల్లో అన్నిటికంటే తక్కువ వచ్చేదీ అందులోనే. హనుమకొండ గ్రంథాలయంలో నా పక్క కుర్చీలో కూర్చునే పిల్లలు (వాళ్లను పిల్లలనే వయసు వచ్చేసింది నాకు) "అక్కా, ఎస్సేకి ఏ పుస్తకం చదివారు?" అని అడుగుతుంటారు. వరంగల్‌లోని ఎనుమాముల మిర్చి యార్డు అంటే నవ్వుతారు.

పేపరు సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. మూడు గంటల సమయం, 150 మార్కులు, మూడు విభాగాలు. ఒక్కో విభాగంలో మూడు ప్రశ్నలిస్తారు, ఒకటి ఎంచుకోవాలి. ఒక్కో వ్యాసానికి 50 మార్కులు, సుమారు వెయ్యి పదాలు. సామాజిక సమస్యలు, ఆర్థికవృద్ధి, న్యాయం ఒక విభాగం. రాజకీయాలు, చారిత్రక సాంస్కృతిక వారసత్వం రెండోది. శాస్త్ర సాంకేతికాలు, విద్య, మానవ వనరులు మూడోది.

నేను చేరిన కోచింగ్ కేంద్రంలో ముప్పై వ్యాసాలు అచ్చువేసి ఇచ్చారు. బట్టీ పట్టాం. గదిలో అరవై మందిమి ఉంటే అరవై వ్యాసాలూ "మానవ నాగరికత ఆవిర్భవించిన నాటి నుంచి" అనే మొదలయ్యేవి. ఆడపిల్లల చదువైనా, అంతరిక్ష పరిశోధనైనా నాగరికత ఆవిర్భవించాల్సిందే. నా కాగితాలు దిద్దినాయన అంచున ఎర్ర సిరాతో "సాధారణం" అని రాసి ఇచ్చేవారు. ఏది సాధారణమో, ఎందుకు సాధారణమో ఎన్నడూ రాయలేదు.

మా బాపు ఎనుమాములలో ఒక అడ్తి దుకాణంలో (రైతుల సరుకు కమీషను మీద అమ్మిపెట్టే చోటు) గుమాస్తా. ఇరవై ఆరేళ్లుగా ఆయన చేసేది తక్‌పట్టీలు రాయడం. రైతు పేరు, ఊరు, బస్తాలెన్ని, తూకమెంత, ధర ఎంత, హమాలీ, దడవాయి (తూకం వేసేవాడు), కమీషను ఖర్చులు పోను చేతికెంత. అందులో ఒక్క విశేషణం ఉండదు. ఒక మార్చి రాత్రి, యార్డు నుంచి వచ్చి దగ్గుతూ (మిర్చి రోజుల్లో మా ఇంట్లో బట్టలు కూడా ఘాటెక్కుతాయి) నా కాగితాలు తీసుకుని చదివాడు. "ఆర్థికవృద్ధి ఫలాలు అందరికీ అందుతున్నాయా?" అన్నది అంశం. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, "పైన బాగానే ఉంది బిడ్డా, లోపల తాలుంది" అన్నాడు.

తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఖరీదుదారు బస్తా మూతి దగ్గరి కాయలు చూసి ధర చెప్పడు. ఎర్రటి కాయలు పైకి ఎలా వస్తాయో అతనికి తెలుసు. మోచేతి దాకా చేయి దించి, నడుమ నుంచి గుప్పెడు తీస్తాడు. ఒకటి విరిచి తేమ చూస్తాడు. బాపు నా వ్యాసానికీ అదే పని చేశాడు. మొదటి పేజీ వదిలేసి మూడో పేజీ మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. "సమాజంలోని అన్ని వర్గాల సమగ్ర అభివృద్ధే నిజమైన అభివృద్ధి అని చెప్పవచ్చు." చదివి, "ఇది ఏ ఊరిది?" అని అడిగాడు.

నాకు అర్థం కాలేదు. తక్‌పట్టీలో పేరు పక్కన ఊరుంటుంది, ఊరు లేకపోతే సరుకు ఎవరిదో తేలదు, అదీ ఆయన లెక్క. పెన్సిల్ తీసుకుని, ఎవరైనా ఎక్కడైనా రాయగలిగే వాక్యాలన్నిటి కిందా ఒక్కో గీత గీస్తూ పోయాడు. మొత్తం 84 వాక్యాల్లో గీత పడనివి 9. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. దిద్దినాయన "సాధారణం" అన్న మాటకు అర్థం మాత్రం అప్పుడు తెలిసింది.

మర్నాడు మిగిలిన ఆ తొమ్మిదింటితో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మొదటి పేరాలో జెండా పాట వచ్చింది. యార్డులో పొద్దున్నే ఒక మేలైన లాటు దగ్గర వేలం మొదలవుతుంది, అక్కడ పలికిన ధరే మరునాడు పత్రికలో వస్తుంది. అది చదివి బండి కట్టించుకుని వచ్చిన రైతుకు తేమ అనీ తాలు అనీ చెప్పి అంతకు బాగా తగ్గించి కడతారు. "తలసరి ఆదాయం కూడా జెండా పాట లాంటిదే" అని రాసి మురిసిపోయాను. అర్థశాస్త్రం చదివిన స్నేహితురాలు చూసి కొట్టిపారేసింది. జెండా పాట గరిష్ఠ ధర, తలసరి ఆదాయం సగటు, రెండింటినీ ఒక్కటి చేస్తే దిద్దేవాళ్లు అక్కడే మార్కులు కోస్తారంది. నిజమే. మూడోసారి ఇలా రాశాను: "జెండా పాట గరిష్ఠం, తలసరి ఆదాయం సగటు. కానీ నర్సంపేట నుంచి వచ్చిన రైతు ఈ రెండు అంకెల్లో దేనిలో వెతుక్కున్నా తనకు దక్కినది కనిపించదు." ఈ రెండు వాక్యాల తర్వాత, ఆదాయ అసమానతలు తగ్గించేందుకు రాజ్యం పాటుపడాలనే రాజ్యాంగం 38వ అధికరణం దానంతటదే వచ్చి కూర్చుంది. 2016లో మొదలైన ఈ-నామ్ (జాతీయ వ్యవసాయ మార్కెట్) ఆన్‌లైన్ వేలాలు ఎందుకు అవసరమయ్యాయో చెప్పడానికీ దారి దొరికింది. అంతకుముందు అధికరణాలు, పథకాలు వరసపెట్టి కుక్కేదాన్ని. ఒకదానికొకటి మాట్లాడుకునేవి కావు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ ఊపులో తర్వాతి వ్యాసం నిండా యార్డే నింపేశాను. ఎర్ర సిరా ఈసారి కాస్త ఎక్కువే మాట్లాడింది: "ఇది వ్యాసమా, ఊరి కబురా?" కోపం వచ్చింది కానీ ఆయన తప్పేమీ లేదు. మన ఊరి ముక్క ఒకటి చాలు, మహా అయితే రెండు. దాన్ని పట్టుకుని దేశం దాకా నడవాలి.

వారసత్వం విభాగంలో మా జిల్లాల వాళ్లందరం పాలంపేటలోని రామప్ప గుడి గురించి రాస్తాం. 1213 శాసనం, గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు, నీళ్లలో తేలే ఇటుకలు, ఇసుక పునాది, 2021లో యునెస్కో గుర్తింపు. అన్నీ సరైనవే, అందరి కాగితాల్లోనూ ఉన్నవే. పాలంపేట వెళ్లినప్పుడు నేను గుడి కంటే చెరువు కట్ట మీదే ఎక్కువసేపు కూర్చున్నాను. కాకతీయులు గుడి కట్టిన చోట చెరువూ తవ్వించారు. గుడికి గుర్తింపు వచ్చింది, చెరువు మాత్రం ఏ పతకమూ లేకుండా ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. వారసత్వమంటే కాపాడుకునేదా, వాడుకునేదా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. వెయ్యి పదాలు ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగాయి. ఇటుకలు ఒక్క వాక్యంలో అయిపోయాయి.

భాష సంగతి వేరే. మేము తెలుగు మాధ్యమం వాళ్లం, నోట్సులు మాత్రం ఇంగ్లిషు నుంచి దిగినవి. "ప్రభుత్వం చేత ఈ పథకం ప్రవేశపెట్టబడినది" అని రాయడం అలవాటైపోయింది. ఒక ఆదివారం నా వ్యాసంలో "బడు"లు లెక్కపెడితే 31. అన్నీ కొట్టేసి "ప్రభుత్వం ఈ పథకం తెచ్చింది" అన్నట్టు తిరగరాస్తే కొన్ని వరసలు మిగిలాయి! "చెప్పవచ్చు", "గమనించదగ్గ విషయం" లాంటివీ తాలే.

సమయం మాట. మొదట్లో రెండు వ్యాసాలు ముస్తాబు చేసి, మూడోది సగంలో వదిలేసేదాన్ని. మూడింటికీ సమాన మార్కులున్నప్పుడు అంతకంటే తెలివితక్కువ పని లేదు. అందుకే పద్ధతి మార్చాను. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పది వరకు ఒకే వ్యాసం, గడియారం ఎదురుగా పెట్టుకుని. పది నిమిషాలు చిత్తు కాగితం మీద ఆలోచన, నలభై ఐదు నిమిషాలు రాయడం, ఐదు నిమిషాలు చదువుకోవడం. నా చేతిరాతకు వరసకు ఏడు పదాలు పడతాయి, అంటే వెయ్యి పదాలకు నూట నలభై పైచిలుకు వరసలు. ఇది తెలిశాక పరీక్ష హాల్లో పదాలు లెక్కపెట్టే పని తప్పింది. నెలకొకసారి మూడూ కలిపి మూడు గంటలు రాసేదాన్ని. రెండో గంట దాటాక వేళ్లు మొండికేస్తాయి. దానికి మందు లేదు, అలవాటే.

గ్రంథాలయంలో నా పక్క కుర్చీల్లో కూర్చునే ఒక అమ్మాయి పోయిన వారం తన వ్యాసం ఇచ్చింది, ప్రభుత్వ బడుల మీద. పెన్సిల్‌తో పేజీకి ఆరేడు చోట్ల గీతలు గీసి, పక్కన "ఏ ఊరిది?" అని రాసి ఇచ్చాను. కాసేపు కాగితాలు తిరగేసి, మొహమాటంగా నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"మాది ములుగు, అక్కా" అంది.