బ్రాంక్స్ నుంచి బుష్‌విక్ దాకా, అక్షరాల వెంట

వేసవి సెలవుల్లో జెర్సీ సిటీలో అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను కోరింది ఒక్కటే. మిగతావన్నీ తర్వాత చూద్దాం, ముందు గ్రాఫిటీ అక్షరాలు, అంటే రైళ్ళ మీదా గోడల మీదా రంగులతో రాసే పేర్లు, పెరిగిన న్యూయార్క్ వీధులు చూడాలి అన్నాను. నేను తెనాలిలో హైస్కూలు పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. అక్షరాల మీద నాకున్న ఇష్టం చిన్నప్పటిది. సైన్‌బోర్డు పెయింటర్ నిచ్చెన ఎక్కాడంటే ఆ బోర్డు పూర్తయ్యేదాకా కింద నిలబడి చూసేవాణ్ణి. గ్రాఫిటీ ఫోటోలు ఎన్నో చూశాను కానీ, ఆ మెలికల లోపల అక్షరాన్ని ఎలా నిలబెడతారో ఫోటో చెప్పదు. చేయి తిరిగినవాళ్ళు గీస్తుంటే పక్కన కూర్చోవాలి. అక్కా బావా ఆఫీసు పనుల్లో ఉన్నారు. పద్నాలుగేళ్ళ మేనల్లుడు "శనివారం నేనొస్తా మామయ్యా, రైళ్ళు నాకు తెలుసు" అని బయల్దేరాడు.

మొదట న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వెళ్ళాం. పాత్ రైల్లో మాన్‌హట్టన్ చేరి, అక్కడి నుంచి 2 నంబరు రైలెక్కి 149వ వీధి, గ్రాండ్ కాన్‌కోర్స్ స్టేషన్‌లో దిగాం. చూడటానికి మామూలు సబ్‌వే స్టేషనే. కానీ 1970ల్లో ఇక్కడ 2, 5 నంబరు రైళ్ళాగే ప్లాట్‌ఫాం మీద ఒక బెంచీ ఉండేది. బడి వదలగానే నగరం నలుమూలల నుంచి పిల్లలు ఆ బెంచీ దగ్గరికి చేరేవాళ్ళు. రైళ్ళ మీద తమ పేర్లు రాసే ఈ పిల్లలు తమను తాము రైటర్లు అని చెప్పుకునేవాళ్ళు. వచ్చే రైలు మీద ఎవరి పేరు ఎలా ఉందో చూసేవాళ్ళు, బాగుంటే మెచ్చుకునేవాళ్ళు, లేకపోతే అక్కడే తీసిపారేసేవాళ్ళు. ఒకరి పుస్తకంలో ఒకరు స్కెచ్‌లు వేసిచ్చుకునేవాళ్ళు. ఆ పుస్తకానికి బ్లాక్‌బుక్ అని పేరు. ఈ విద్యకు బడి అంటూ ఏదైనా ఉందంటే అది ఆ బెంచీయే. స్టేషన్లో దాని గురించి చెప్పే పలక ఒక్కటీ నాకు కనబడలేదు. ఉండాల్సింది.

ఈ కథ మొదలైంది న్యూయార్క్‌లో కాదు. 1960ల్లోనే ఫిలడెల్ఫియాలో కార్న్‌బ్రెడ్ అనే మారుపేరుతో ఒక కుర్రాడు ఊరంతా తన పేరు రాశాడు. న్యూయార్క్‌లో పేరుమోసినవాడు టాకీ 183. మాన్‌హట్టన్ పై భాగంలో, వాషింగ్టన్ హైట్స్‌లో, 183వ వీధిలో ఉండే గ్రీకు కుటుంబపు పిల్లవాడు. ఉత్తరాలూ పార్సిళ్ళూ అందించే పని మీద నగరమంతా తిరుగుతూ, వెళ్ళిన చోటల్లా మార్కర్‌తో పేరు రాసేవాడు. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ అతని గురించి వార్త వేసింది. ఆ తర్వాత మార్కర్ పట్టని పిల్లవాడు లేడన్నంత పనైంది. అందరూ పేరే రాస్తుంటే ఎవరి పేరు ఎవరు చూస్తారు? అప్పటిదాకా ఎన్ని చోట్ల రాశావన్నది పోటీ. ఇక ఎలా రాశావన్నది పోటీ అయింది.

ఈ చరిత్రలో నా మనసు పట్టేసింది ఆ మలుపే. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన టాప్ క్యాట్ 126 సన్నగా పొడుగ్గా, అడుగున దిమ్మల మీద నిలబడ్డ అక్షరాలు తెచ్చాడు. సూపర్ కూల్ 223 పెయింటు డబ్బా సన్న మూతి తీసేసి, ఇంట్లో వాడే వేరే స్ప్రే డబ్బా వెడల్పు మూతి తగిలించాడు. దాంతో గీత లావైంది, అక్షరం లోపల రంగు నింపడం కుదిరింది. 1972లోనే బ్రాంక్స్‌కు చెందిన ఫేజ్ 2 అక్షరాలను ఉబ్బించి గుండ్రంగా చేశాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ పిల్లవాడైనా నోటుబుక్కు వెనక గీసే బబుల్ లెటర్స్ అక్కడి నుంచి వచ్చినవే. ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి దూరి, బాణాలతో అల్లుకుపోయే పద్ధతికి వైల్డ్ స్టైల్ అన్న పేరు ట్రేసీ 168తో వచ్చింది. చిన్నప్పటి ప్రమాదంలో ఒక చెయ్యి పోయిన కేస్ 2 మిగిలిన చేత్తోనే అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా కోసి పేర్చినట్టుండే కంప్యూటర్ రాక్ శైలి కట్టాడు. ఈక్వడార్‌లో పుట్టిన లేడీ పింక్ 1979లో మొదలుపెట్టి, అంతా మగపిల్లలే ఉన్న ఆ రైల్ యార్డుల్లో రైళ్ళ మీద రాసింది. 1989 మే 12న గ్రాఫిటీ ఉన్న చివరి రైలును సర్వీసులోంచి తీసేశారు. రైళ్ళు శుభ్రమయ్యాయి, అక్షరాలు గోడల మీదికి వచ్చేశాయి.

ఆ గోడల్లో అందరూ గౌరవించేది ఈస్ట్ హార్లెమ్‌లో ఉంది. పార్క్ అవెన్యూ, 106వ వీధి మూలన ఒక బడి ఆవరణ గోడలు. 1980లో స్టింగ్ రే అనే రే రోడ్రిగెజ్ అక్కడ గ్రాఫిటీ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టాడు. వచ్చీరానివాళ్ళు ఆ గోడ ముట్టుకోరు. ఎదురుగా రాతి వంతెన మీద మెట్రో నార్త్ రైళ్ళు వెళ్తుంటాయి. కాలిబాట మీద నిలబడి చాలాసేపు చూశాం. మేనల్లుడు ఒక్క అక్షరం కూడా చదవలేకపోయాడు. నాకూ మొదట రంగుల గందరగోళమే కనిపించింది. తర్వాత ఒక దారి దొరికింది. బాణాలను కాసేపు లెక్కలోంచి తీసెయ్యాలి. ఒకే మందంతో నేల దాకా వచ్చే కాళ్ళు ఏవో వెతకాలి. కాళ్ళు దొరికితే అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. తర్వాత అడ్డగీతలు. అలా నెమ్మదిగా ఒక గోడ మీద మొదటి అక్షరం ఆర్ అని తేలింది. "ఇంకోటి చెప్తా ఉండు" అంటూ వాడు పక్క గోడకు పరుగెత్తాడు.

అక్కడి నుంచి బుష్‌విక్‌కు వెళ్ళే దారిలో క్వీన్స్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీ మీదుగా 7 నంబరు రైల్లో వెళ్ళాం. ఒకప్పుడు ఈ రైలు కిటికీలోంచి 5 పాయింట్జ్ కనిపించేది. యజమాని అనుమతితో ఫ్యాక్టరీ భవనం మొత్తం గ్రాఫిటీతో నిండి ఉండేది. 2013 నవంబరులో రాత్రికి రాత్రి దానికి తెల్లరంగు కొట్టించారు, మరుసటి ఏడు కూల్చేశారు. కళాకారులు కోర్టుకెక్కితే 2018లో 45 బొమ్మలకు గాను 21 మందికి 67.5 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది. డబ్బు సరే, ఆ గోడలు తిరిగి రావు. అక్కడిప్పుడు అపార్ట్‌మెంట్ టవర్లు ఉన్నాయి.

బ్రూక్లిన్‌లోని బుష్‌విక్ సంగతి వేరు. ఎల్ రైలు దిగి జెఫర్సన్ వీధి స్టేషన్ మెట్లెక్కితే ట్రౌట్‌మన్ వీధి చుట్టుపక్కల గోడలన్నీ పెద్ద పెద్ద బొమ్మలే. 2012లో ఇక్కడే పెరిగిన జో ఫికలోరా ఇరుగుపొరుగు గోడలు అడిగి తీసుకుని, చిత్రకారులను పిలిచి బుష్‌విక్ కలెక్టివ్ మొదలుపెట్టాడు. సెలవు రోజుల్లో జనం ఫోన్లు పట్టుకుని వస్తారు. వాళ్ళంతా ముఖాల బొమ్మల ముందు ఆగుతున్నారు, పక్కన షట్టరు మీద ఉన్న అక్షరాలను దాటేసి వెళ్తున్నారు. నాకు బాధనిపించింది. బొమ్మ ఎక్కడైనా వేస్తారు. ఈ అక్షరాలు మాత్రం ఈ ఊరి పిల్లలు ఈ ఊరికి ఇచ్చినవి.

నేర్చుకోవడం కూడా బుష్‌విక్‌లోనే. యాభై దాటిన ఒకాయన వారాంతాల్లో చిన్న క్లాసు నడుపుతున్నాడు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి, చేతుల మీద రంగు మరకలు. డబ్బా ముట్టుకోనివ్వలేదు. ముందు కాగితం, పెన్సిల్. ఏ స్టైలూ లేకుండా అక్షరాలన్నీ ఒకే వెడల్పు పట్టీలతో కట్టమన్నాడు. గీతకు రెండు వైపులా సమానంగా గీత, మూలలు తిన్నగా. "ఇది నిలబడకపోతే మీద ఎన్ని బాణాలు పెట్టినా పడిపోతుంది" అన్నాడు. పట్టీలు కుదిరాక వాటిని వంచడం. ఒక కాలును ముందుకు చాచడం, నడుము దగ్గర విరవడం, పక్క అక్షరం మీదికి కొంచెం ఎక్కించడం. ఏది ముందు ఏది వెనక అన్నది ప్రతి కలయిక దగ్గరా తేల్చుకోవాలి. బాణం ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. గీత ఏ వైపు పరుగెత్తుతోందో ఆ పరుగు చివర మాత్రమే బాణం. ఇది విన్నాక ఈస్ట్ హార్లెమ్ గోడ ఇంకోసారి కళ్ళ ముందు మెదిలింది.

తర్వాత త్రీడీ. అక్షరం ప్రతి మూల నుంచీ ఒకే దిక్కుకు, ఒకే పొడవున గీతలు దింపి చివరలు కలపాలి. ఇది మన సైన్‌బోర్డు పెయింటర్లు వేసే షేడే. వాళ్ళు కుడి పక్కన, కింద వేసి వదిలేస్తారు, వీళ్ళు దాన్ని గోడలోకి తోసుకుపోయే దాకా లాగుతారు. నాకు ఈ భాగం సులువుగా వచ్చింది. మేనల్లుడికి నేనే నేర్పాను.

చిన్న అక్షరాల సంగతి కూడా ఆయన వదల్లేదు. ట్యాగ్ అంటే ఒక్క ఊపులో చేసే సంతకం. చూడటానికి గీకినట్టుంటుంది కానీ, దాని వెనక నోటుబుక్కులకు నోటుబుక్కులు నిండిన సాధన ఉంటుంది. త్రో అప్ అంటే రెండు రంగుల్లో నిమిషాల్లో అయిపోయే ఉబ్బు అక్షరాలు. పీస్ అంటే గంటలు పట్టే పూర్తి పని. ట్యాగ్ మీద త్రో అప్ వెయ్యొచ్చు, త్రో అప్ మీద పీస్ వెయ్యొచ్చు. మంచి పీస్ మీద ట్యాగ్ పెట్టినవాణ్ణి ఎవరూ క్షమించరు. అడగకుండా ఒకరి దుకాణం మీద రాయడం గురించి నేను అడిగితే, క్లాసులో మాత్రం అనుమతి ఉన్న గోడ తప్ప ఇంకోటి చూపించనన్నాడు. నాకు నచ్చిన జవాబు అది.

పెరట్లో ప్లైవుడ్ పలకలు నిలబెట్టి, మాస్కులూ గ్లవ్స్ ఇచ్చాకే డబ్బాలు చేతికొచ్చాయి. లోపలి గోలీ చప్పుడు బాగా వినబడేదాకా ఊపాలి. డబ్బా మూతిని క్యాప్ అంటారు: సన్న గీతకు స్కిన్నీ క్యాప్, రంగు నింపడానికి ఫ్యాట్ క్యాప్. గోడకు దగ్గరగా పట్టి చెయ్యి వేగంగా కదిపితే గీత పదునుగా వస్తుంది. దూరం పెడితే అంచులు చెదురుతాయి, ఆగితే రంగు కారుతుంది. తెల్లారగట్ల అమ్మ ముగ్గు వేసేటప్పుడు వేళ్ళ మధ్య నుంచి పిండి జారే తీరు, చేతి వేగం ఒకదానికొకటి ఎలా కలిసిపోతాయో గుర్తుకు తెచ్చుకున్నాను. అదే లెక్క ఇక్కడా పనికొచ్చింది. మణికట్టు బిగించి భుజం నుంచి కదిలితే పొడుగు గీత వణకలేదు.

పని వరుస కూడా ఒక పద్ధతి ప్రకారం. ముందు లేత రంగుతో స్కెచ్. తర్వాత ఫిల్, అంటే లోపల రంగు నింపడం, లేత నుంచి ముదురుకు. తర్వాత త్రీడీ. ఇవన్నీ అయ్యాకే అసలు అవుట్‌లైన్. గీత లావైన చోట ఫిల్ రంగుతోనే అంచు మీదికి కొట్టి సన్నం చేస్తారు. దీన్ని కట్ చెయ్యడం అంటారు. గోడల మీద కత్తితో కోసినట్టు కనిపించే అంచుల రహస్యం ఇదే. వెలుగు ఏ వైపు నుంచి పడుతుందో ముందే అనుకుని, చిట్టచివర అక్కడ తెల్ల మెరుపులు పెడతారు.

చివర ఎవరికి ఇష్టమైన మాట వాళ్ళు రాయాలి. నేను తెలుగులో రాస్తానన్నాను. ఆయన ముఖం వెలిగింది, స్టూలు లాక్కుని నా పలక ముందు కూర్చున్నాడు. నేను ఎంచుకున్న మాట గీత. గ అక్షరానికి రెండు కాళ్ళున్నాయి, పట్టీలతో కట్టడానికి ఇబ్బంది పడలేదు. గుడి దీర్ఘం పైనుంచి మెలి తిరిగి బయటికి వస్తుంది కాబట్టి బాణానికి చోటు దానంతట అదే దొరికింది. త పొట్ట గుండ్రం. పట్టీలతో విరిస్తే అక్షరమే మారిపోయేలా ఉంది. అందుకని దాన్ని ఫేజ్ 2 పద్ధతిలో ఉబ్బించి, తలకట్టును మాత్రం పదునుగా లాగి గ భుజం మీద పడేలా చేశాను.

అక్కడ తెలిసింది మన లిపిలో ఎక్కడ స్వేచ్ఛ ఉందో, ఎక్కడ లేదో. రోమన్ అక్షరంలో నాలుగు గీతలు గుర్తుపట్టేలా ఉంచితే మిగతాదంతా తిప్పుకోవచ్చు. తెలుగులో థ లోపలి చుక్క పోతే అది ధ అవుతుంది, ధ కింది చిన్న గీత పోతే ద అవుతుంది. గుడి చివర మెలిక మింగేస్తే గీ కాస్తా గి అవుతుంది. కాబట్టి మనవాళ్ళు వైల్డ్ స్టైల్ కట్టాలంటే ఆ చిన్న గుర్తులను దాచకూడదు, వాటినే పెద్దవి చెయ్యాలి. ఇది ఆయనకు వివరిస్తే, తన అక్షరాల్లో అలాంటివి ఏవో ఒకటొకటిగా లెక్కపెట్టి చూపించాడు. ఓ కి తోక తగిలిస్తే క్యూ. ఆ తోకను ఆయన చాలా రకాలుగా గీశాడు, మిగతావాళ్ళు పలకలు వదిలేసి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

తెనాలి వచ్చాక ఎనిమిదో తరగతి పిల్లలకు పట్టీల అక్షరాలతోనే మొదలుపెట్టాను. రంగులింకా ఇవ్వలేదు. మేనల్లుడు మాత్రం నన్ను దాటిపోయాడు. ఇప్పటిదాకా తెలుగు సరిగా రాయని వాడు, ఎక్కువ గీతలున్న అక్షరం ఏదో చెప్పమని ఫోన్ చేశాడు. స్త్రీ అని పంపాను. మర్నాడే వీడియో కాల్: "మామయ్యా, దీంట్లో తా వత్తు ముందుకు రావాలా, రా వత్తు ముందుకు రావాలా?" రా వత్తు ఎడమ పక్క నుంచి అక్షరాన్ని చుట్టుకుని వస్తుంది కాబట్టి దాన్ని అన్నిటికంటే ముందు ఉంచి, తా వత్తును దాని వెనక్కి తొయ్యమన్నాను. స కాళ్ళు ముందు కట్టు, తర్వాతే ఇవన్నీ అని కూడా చెప్పాను. కెమెరా కాగితం మీదికి తిప్పాడు. కాళ్ళు అప్పటికే కట్టేసి ఉన్నాయి.