ఖాళీ లారీ తూకం

సీసా మూత తీసీ తీయకముందే తెల్లటి పొగ లేచింది. పిపెట్ మూతి దగ్గర ద్రవం పెరుగులా గడ్డకట్టింది. 'గాలిలో తేమ తగలకుండా చూడాలి' అని పుస్తకాల్లో ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. ఆ వాక్యం రాసినవాళ్లు శ్రావణమాసంలో అమలాపురంలో ఉండి ఉండరు. ఆ నెలలో మా కోనసీమలో గోడలకు కూడా చెమటలు పడతాయి. జాడీలో ఉప్పు నీరు కారుతుంది.

ఆ ద్రవం టైటానియం ఐసోప్రొపాక్సైడ్. దాన్ని నీటితో నెమ్మదిగా కలిపి, ఆరబెట్టి, కాలిస్తే టైటానియం డయాక్సైడ్ పొడి వస్తుంది. గోడలకు వేసే తెల్ల రంగులో ఉండేది అదే. డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, కాస్త ఆలస్యంగానే పీహెచ్‌డీలో చేరాను. లోహ ఆక్సైడ్ పొడి మీద వెలుతురు పడేలా చేసి నీటిని విడగొట్టడం, కార్బన్ డయాక్సైడ్‌ను ఇంధనంగా మార్చడం నా అంశం.

"ఎండకు నీళ్లు ఆవిరవుతాయి గానీ విడిపోతాయా?" అన్నారు నాన్న. ఆయన ధాన్యం కమిషన్ వ్యాపారి. ఏదైనా బస్తాల లెక్కలోకి దించితే గానీ ఆయనకు తృప్తి ఉండదు. నాకు తోచినట్లు చెప్పాను. పొడిలో పడిన వెలుతురు ఒక ఎలక్ట్రాన్‌ను పైమెట్టుకు ఎగరేస్తుంది. అది నీటి నుంచి హైడ్రోజన్‌ను విడిపిస్తుంది. అది లేచి వెళ్లిన చోట మిగిలిన ఖాళీ ఆక్సిజన్ సంగతి చూసుకుంటుంది. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా ఇదే పదార్థంతో చేసిన ఎలక్ట్రోడ్ మీద దీన్ని చూపించారు. చిక్కల్లా ఆ మెట్టు ఎత్తులో ఉంది. అనటేజ్ అనే స్ఫటిక రూపంలో అది 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. 388 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలు, అంటే అతినీలలోహిత కాంతి, మాత్రమే ఎలక్ట్రాన్‌ను అంత ఎత్తుకు లేపగలవు. రోహిణీకార్తె ఎండలో అయినా అటువంటి కాంతి ఇరవయ్యోవంతుకు మించదు.

"మిగతా పందొమ్మిది వంతులూ తరుగేనా?" అన్నారు ఆయన. తుప్పు, అంటే ఐరన్ ఆక్సైడ్, కంటికి కనిపించే వెలుతురును కూడా తీసుకుంటుందని, కానీ అందులో లేచిన ఎలక్ట్రాన్‌కు హైడ్రోజన్‌ను విడిపించేటంత సత్తువ ఉండదని చెప్పాను. ఆయన అప్పటికే ఫోనులో ఎవరితోనో బస్తాల ధర మాట్లాడుతున్నారు.

మా కళాశాలలో ఏసీ ఉన్న గది కంప్యూటర్ ల్యాబ్ ఒక్కటే. ఆదివారాలు అక్కడ పని చేసుకోవడానికి అనుమతి సంపాదించడానికి మూడు అర్జీలు పెట్టాను. గది చల్లబడినా తేమ పూర్తిగా పోలేదు. అప్పుడు ఒక సీనియర్ చెప్పిన చిట్కా పట్టుకున్నాను. కొంచెం అసిటిక్ ఆమ్లం కలిపితే అది టైటానియాన్ని పట్టుకుని ఉంటుంది, నీటితో చర్య నిదానిస్తుంది. వెనిగర్‌లో పులుపు ఈ ఆమ్లానిదే. అద్భుతంగా పనిచేసింది. గడ్డలు లేవు, పొగ లేదు. మామూలుగా అయితే 450 డిగ్రీల దగ్గర కాల్చాలి. వేడి ఎక్కువైతే రేణువులు లావెక్కుతాయన్న భయంతో నేను 350 దగ్గరే ఆపేశాను. పిండిలాంటి పొడి చేతికొచ్చింది. హైడ్రోజన్ పుట్టడానికి తోడ్పడుతుందని దాని మీద కాస్త ప్లాటినం దించాను. ఈ పేరాలో చెప్పినవన్నీ నేను తెలివిగా చేశాననుకున్న పనులు.

మొదటి ప్రయోగం నీటిలో మిథనాల్ కలిపి చేశాను. దీపం వేసిన గంటకు హైడ్రోజన్ వచ్చింది. ఎందుకు రాదు? ఆ ఖాళీలను మిథనాల్ తన ఎలక్ట్రాన్లతో పూడుస్తూ ఉంటుంది, ఆక్సిజన్ పుట్టవలసిన కష్టమే ఉండదు. దీన్ని కూడా నీటి విభజన అని రాసే వ్యాసాలు కొన్ని ఉన్నాయి. మిథనాల్‌ను కాల్చుకుంటూ నీటిని విడగొట్టామనడం నాకు మాత్రం మింగుడుపడదు.

ఉత్త నీటితో చేసినప్పుడు అసలు రంగు బయటపడింది. వాయువును సిరంజితో తీసి, వాయువులను విడదీసి గీతలుగా చూపే క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తే హైడ్రోజన్ గీత కనీకనిపించకుండా ఉంది, ఆక్సిజన్ గీత మాత్రం దర్జాగా నిలబడింది. నీరు విడిపోతే రెండు పాళ్ల హైడ్రోజన్‌కు ఒక పాలు ఆక్సిజన్ రావాలి. ఇక్కడ తలకిందులైంది. రెండు రోజులు దానికి సిద్ధాంతాలు అల్లాను. మూడో రోజు పక్కనే ఉన్న నైట్రోజన్ గీతను చూశాను. నీటిలో నుంచి నైట్రోజన్ రాదు కదా. గాలిలో ఆ రెండూ 78, 21 పాళ్లలో ఉంటాయి. నైట్రోజన్‌ను బట్టి లెక్కకట్టి గాలి వాటా తీసేస్తే ఆక్సిజన్ దాదాపు ఏమీ మిగల్లేదు. సూది పొడిచి పొడిచి రబ్బరు మూత జల్లెడైంది. మూత మార్చాక గాలి బెడద పోయింది, హైడ్రోజన్ మాత్రం పెరగలేదు. నేను ముచ్చటపడి దించిన ప్లాటినమే పుట్టిన హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను మళ్లీ కలిపి నీరు చేసేస్తుందని తరువాత చదివి తెలుసుకున్నాను.

అక్కడితో నీటిని పక్కనపెట్టి కార్బన్ డయాక్సైడ్ మీద పడ్డాను. మొదట మా వీధి చివర సోడా కొట్టు సిలిండర్ నుంచే గ్యాసు పట్టుకొచ్చాను. మా గైడు గారు చూసిన చూపుకు మర్నాడే శుద్ధమైన సిలిండర్‌కు ఆర్డరు పెట్టాను. ఈ అణువు మహా మొండిది. దాన్ని కార్బన్ మోనాక్సైడ్ చేయాలంటే రెండు ఎలక్ట్రాన్లు చాలు, మీథేన్ చేయాలంటే ఎనిమిది అందించాలి. అందుకే ఎవరైనా మీథేన్ ఎక్కువగా వచ్చిందంటే అందరూ ఆ వైపు చూస్తారు.

నాకు మీథేన్ ఎక్కువగా వచ్చింది.

ఆ సాయంత్రం బస్సులో వస్తుంటే పాసర్లపూడి గుర్తుకొచ్చింది. 1995 జనవరిలో అక్కడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. నేను మూడో తరగతి. రాత్రిపూట డాబా ఎక్కి, ఎర్రబడిన ఆకాశం వైపు చూస్తూ అన్నం తినేవాళ్లం. మా నేల కింద నుంచి అంత రభస చేసి పైకొచ్చిన వాయువును నేను ఒక గాజు బుడ్డిలో, దీపం వెలుతురులో పుట్టించాననుకున్నాను. పూతరేకులు కొనుక్కుని ఇంటికి వెళ్లాను.

నాన్న ఒక పూతరేకు విప్పుతూ, "ఖాళీ లారీ తూకం తీశావా?" అన్నారు. తీశాను. పొడి లేకుండా దీపం వేసి చూస్తే సున్నా. పొడి వేసి చీకట్లో ఉంచితే సున్నా. "డ్రైవరు దిగాడా, బండిలోనే ఉన్నాడా?" అని మళ్లీ అడిగారు. కాటా దగ్గర అదొక పాత మోసం. నిండు లారీని తూచేటప్పుడు డ్రైవరు సీట్లో ఉంటాడు, ఖాళీ లారీని తూచేటప్పుడు టీ తాగడానికి దిగిపోతాడు. అతని బరువు కూడా ధాన్యం ధరకే అమ్ముడుపోతుంది.

నాకు చిరాకు వేసింది. నా ప్రయోగంలో డ్రైవరు ఎవరు? పడుకున్నాక తట్టింది. పొడి, దీపం రెండూ ఉండి, కార్బన్ డయాక్సైడ్ మాత్రం లేని తూకం నేను తీయనే లేదు.

మర్నాడు కార్బన్ డయాక్సైడ్ బదులు ఆర్గాన్ నింపి దీపం వేశాను. ఆర్గాన్‌లో కార్బన్ ఉండదు. అయినా మీథేన్ వచ్చింది, ఇంచుమించు ముందు వచ్చినంత. ఎక్కడి నుంచి? నేను కలిపిన అసిటిక్ ఆమ్లం నుంచి. 350 దగ్గర ఆపిన కాల్పులో దాని అవశేషాలు పొడిని అంటిపెట్టుకునే ఉన్నాయి. ప్లాటినం దించిన టైటానియం డయాక్సైడ్ మీద అసిటిక్ ఆమ్లం వెలుతురుకు విరిగి మీథేన్ ఇస్తుందని క్రౌట్లర్, బార్డ్ 1978లోనే చూపించారు. నా పొడిలో ప్లాటినం కూడా ఉంది, ఇక అడ్డేముంది? రోజురోజుకూ మీథేన్ తగ్గుతుంటే 'ఉత్ప్రేరకం అలసిపోతోంది' అని నోటుబుక్కులో రాసుకున్నాను. సిలిండర్ నిండా కార్బన్ డయాక్సైడ్ ఉంటే తగ్గడమెందుకని అడగలేదు. అయిపోతున్నది ఆ పులుపు.

శ్రావణమాసపు తేమను తప్పించుకోవడానికి కలిపిన చుక్కలు ఏడాది తరువాత ఇంధనం వేషం వేసుకుని ఎదురొచ్చాయి. ఆ మీథేన్‌ను రెండు సమావేశాల్లో నేను గర్వంగా చూపించి ఉన్నాను.

మళ్లీ మొదటి నుంచి వచ్చాను. అసిటిక్ ఆమ్లం మానేశాను. తేమను పీల్చే సిలికా జెల్ నింపిన పెట్టెలో చేతులు దూర్చి పొడి చేశాను. ఆక్సిజన్ పారిస్తూ 450 దగ్గర గంటలకొద్దీ కాల్చాను. ఆపైన ప్లాటినం దించి, నీటిలో వేసి, ఆక్సిజన్ పారిస్తూ మూడు రోజులు దీపం కింద ఉంచి, ఆర్గాన్‌లో మీథేన్ గీత నేలకు దిగేదాకా కడుగుతూ పోయాను. రేణువులు లావెక్కాయి. ఎక్కనీ.

ఇక చివరి తూకం ఐసోటోపులతో, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులతో. ప్రకృతిలో కార్బన్ దాదాపు 99 శాతం ద్రవ్యరాశి 12 ఉన్నదే. 13 ఉన్న కార్బన్‌తో చేసిన కార్బన్ డయాక్సైడ్ విడిగా దొరుకుతుంది, చిన్న సీసాకే నా జీతంలో పెద్ద ముక్క పోయింది. పుట్టిన వాయువులో కార్బన్ మోనాక్సైడ్ బరువు 28 కాక 29 ఉంటే అది కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చినట్లు. మీథేన్ 16 కాక 17 ఉండాలి. నైట్రోజన్ బరువు కూడా 28 కాబట్టి, వాయువులను ముందు విడదీసి, ఆ తరువాతే తూచాలి. ఆ యంత్రం ఉన్న చోటికి రైలెక్కి వెళ్లి, నమూనాలు ఇచ్చి, వరండాలో కూర్చున్నాను.

కార్బన్ మోనాక్సైడ్‌లో చాలా భాగం 29 దగ్గర కనిపించింది. మీథేన్ మిగిలిందే కాస్త, అందులోనూ ఎక్కువ భాగం 16 దగ్గరే ఉంది. సిద్ధాంత గ్రంథంలో మీథేన్ పట్టిక ఉన్న అధ్యాయం తీసేసి, ఎందుకు తీశానో పది పేజీలు రాశాను. గైడు గారికి ఆ పది పేజీలే నచ్చాయి.

దాళ్వా కోతలు అయిన రోజుల్లో నాన్న పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చుని, "ఎంత తేలింది?" అని అడిగారు. గ్రాము పొడికి గంటకు కార్బన్ మోనాక్సైడ్ ఒక మైక్రోమోల్ కూడా లేదని, అంటే మన చిటికెడు ఉప్పులో వెయ్యోవంతు కూడా తూగదని చెప్పాను.

"తరుగు పోనా?"

"తరుగు పోనే."

సరేనన్నట్లు తల ఊపి, పద్దుల్లోకి వంగారు.