పద్నాలుగేళ్ల ప్యాసింజరు స్టేషను

మాంచెస్టర్‌లోని లివర్‌పూల్ రోడ్డు స్టేషను ముందు నిలబడితే అది రైల్వే స్టేషనని తోచదు. కలిగిన వర్తకుడెవరో కట్టించుకున్న మేడ అనిపిస్తుంది. 1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గం మొదలైననాటికి స్టేషను ఎలా ఉండాలో ఎవరికీ తెలియదు కనుక, కట్టినవారు తమకు తెలిసిన ఇంటి రూపాన్నే దానికిచ్చారు. మొదటి తరగతి వారికొక గుమ్మం, రెండో తరగతి వారికి వేరొకటి. పెద్దవారి గుమ్మం పైన నీడ గడియారం ఇప్పటికీ ఉంది. ఏ ఊరి వేళ ఆ ఊరిదిగా నడిచిన ఆ రోజుల్లో అది అలంకారం మాత్రమే కాదు.

పట్టాలు ఇర్వెల్ నదిని వంతెన మీద దాటి వస్తాయి కాబట్టి వీధికి ఒక అంతస్తు ఎత్తున ఉంటాయి. ప్రయాణికులు మెట్లెక్కి రైలు చేరుకోవలసి వచ్చేది. ప్రారంభోత్సవం నాడు దారిలో పార్క్‌సైడ్ వద్ద రైలు దిగిన పార్లమెంటు సభ్యుడు విలియం హస్కిసన్‌ను రాకెట్ అనే పేరుగల రైలింజను ఢీకొనగా ఆ రాత్రే మరణించాడు. ఆలస్యంగా మాంచెస్టర్ చేరిన ప్రధాని వెల్లింగ్టన్, జనం నిరసనల మధ్య పెట్టె దిగనే లేదు.

నన్ను ఎక్కువసేపు నిలిపినది మాత్రం పట్టాలకు అవతలి గిడ్డంగి. అదీ 1830 నాటిదే, కొద్ది నెలల్లోనే లేచింది. వ్యాగన్లను చిన్న టర్న్‌టేబుళ్ల మీద అడ్డంగా తిప్పి, కమాను ద్వారాల గుండా నేరుగా లోపలికి తోసేవారు. లోపలి లావుపాటి కొయ్య స్తంభాలను చూస్తే ఈ రైలు అసలు ఎవరి కోసమో అర్థమవుతుంది. లివర్‌పూల్ రేవులో దిగిన పత్తిలో అధికభాగం అమెరికాలో బానిసలు పండించినదే. దానితో మాంచెస్టర్ చుట్టుపక్కలి లాంకషైర్ ప్రాంతపు మిల్లులు తీసిన నూలూ బట్టా తర్వాత మన చేనేతను దెబ్బతీశాయి. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఈ ఆవరణలో అందరూ ఇంజన్ల చుట్టూ మూగుతారు గానీ, నా మటుకు అసలు చరిత్ర ఈ గిడ్డంగిలోనే ఉంది.

1844 మేలో విక్టోరియా స్టేషను తెరవగానే ఇక్కడ ప్రయాణికుల రాకపోకలు ఆగిపోయాయి. సరుకు రవాణా మాత్రం 1975 దాకా సాగింది. 1983లో ఈ ఆవరణ మ్యూజియమైంది. 2017లో తెరిచిన ఆర్డ్‌సాల్ కార్డ్ అనే కొత్త రైలుమార్గం కోసం ప్రధాన మార్గంతో దీనికున్న పట్టాల లంకెను తెంచేశారు. నలుదిక్కులా రైళ్లు తిరిగే నగరంలో ఈ ఒక్క లంకెను కాపాడలేకపోవడం నాకు ఒప్పుదలగా లేదు.