రక్త సంబంధికి ముఖం చాటేసే ఉపవాసం

ఈస్టర్‌కు ముందు నలభై ఉపవాస దినాలు, అంటే శ్రమ దినాలు, మొదలయ్యే బూడిద బుధవారం వచ్చిందంటే మా ఒంగోలు వైపు సంఘాల్లో ఒకటే ప్రశ్న: "ఈ ఏడు ఏం మానేశారు?" ఒకరు నీచు మానేశామంటారు, ఒకరు కాఫీ అంటారు, ఈ మధ్య పిల్లలు ఇన్‌స్టాగ్రామ్ అంటున్నారు. మంచిదే. శుక్రవారం ఉపవాస కూటంలో పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా మోకాళ్ళ మీద ఉండే అక్కలంటే నాకు నిజంగా గౌరవం. నా బాధ వేరే ఉంది. అలా మోకరించిన వాళ్ళలోనే ఒకే ఇంటి వదినా ఆడబిడ్డా ఉంటారు. ఆమేన్ అనగానే ఒకరు ఈ తలుపు నుంచి, ఒకరు ఆ తలుపు నుంచి బయటికి పోతారు, ఎదురుపడకూడదని. నలభై దినాలూ ఇదే వరస. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు కూడా ఇదే వరస.

బైబిల్లో ఉపవాసం గురించి చెప్పే యెషయా గ్రంథం 58వ అధ్యాయం మనకు కొత్త కాదు. కతోలిక గుళ్ళలో బూడిద బుధవారం తర్వాతి శుక్రవారం చదివే పాఠం అదే. మన దగ్గరా శ్రమ దినాల్లో ఎవరో ఒకరు దానిమీద ప్రసంగిస్తారు. "నీ ఆహారము ఆకలిగొనినవారికి పెట్టుటయు" అన్న మాట దగ్గర గొంతు పెంచుతారు. ఆ వారం ఏదో ఒక ఆశ్రమానికి బియ్యం బస్తా వెళ్తుంది, ఫోటో గ్రూపులో పడుతుంది. అదే వచనంలో ఉన్న ఇంకో మాటను మాత్రం చదివేసి ముందుకు పోతాం: "నీ రక్త సంబంధికి ముఖము తప్పింపకుండుటయు". దేవుడు తనకిష్టమైన ఉపవాసంలో దీన్ని అన్నదానంతో పాటే లెక్కపెట్టాడు. బస్తా దింపి రావడానికి ఒక ఆటో చాలు. పొలం గట్టు దగ్గర మాట పోయిన తమ్ముడి ఇంటి ముందు నిలబడడానికి ఏ ఆటో పనికొస్తుంది?

ఈ మాట నన్ను వదలకపోవడానికి ఒక కారణం ఉంది. యెషయా గ్రంథంలో కాస్త వెనక్కి వెళ్ళండి. 50వ అధ్యాయంలో దేవుని సేవకుడు, మనం యేసుగా చదువుకునే ఆయన, అంటాడు: "ఉమ్మివేయువారికిని అవమానపరచువారికిని నా ముఖము దాచుకొనలేదు". 53లో ఆయన్ను "మనుష్యులు చూడనొల్లనివాడు" అని చదువుతాం. ఆ తర్వాత 58లో ప్రభువు మనల్ని అడిగేది ఇది: నీ వాళ్ళకు నీ ముఖం చాటేయొద్దు. ఈ మూడింటినీ ఒకే సాయంత్రం కూర్చుని వరసగా చదివితే సిలువ ధ్యానమంతా కళ్ళముందుకొస్తుంది. జనం ఆయన ముఖం చూడలేక కళ్ళు తిప్పుకున్నారు. ఆయన మాత్రం ఉమ్మేసేవాడి ముందు కూడా తిప్పుకోలేదు. యేసును పట్టుకెళ్ళిన రాత్రి ప్రధానయాజకుని ఇంటి దగ్గర శిష్యుడు పేతురు ఆయన్ను మూడోసారి ఎరగనన్నాడు, కోడి కూసింది. అప్పుడు లూకా ఏం రాశాడు? "ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను". చుట్టూ కాపలావాళ్ళు, ముందు కొరడాలు. ఆ స్థితిలో కూడా తన్ను ఎరగనన్న మనిషి వైపు తిరిగి చూసే తీరిక ఆయనకు దొరికింది. మనకేమో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు బల్ల దగ్గర పక్కన నిలబడ్డ పెదనాన్న కొడుకు వైపు తల తిప్పే తీరిక దొరకదు!

మన పల్లె సంఘాల్లో సగం చుట్టరికాలే. కాబట్టి రక్త సంబంధి అంటే ఎవరని వెతుక్కునే పని లేదు. చుట్టరికం లేని వాళ్ళతో కూడా ఆయన రక్తమే మనకు సంబంధం.

అసలు ఈ జిల్లా విశ్వాసులం మనం మరిచిపోకూడని సంగతి ఒకటుంది. 1876-78 నాటి కరువులో మన పెద్దలు ఉపవాసాన్ని ఎంచుకోలేదు, అది వాళ్ళ మీద పడింది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్ళు, ఊరు ముఖం తిప్పుకున్న మనుషులు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకు పని, కూలి చూపించారు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎవరూ చూడని ముఖాలను ప్రభువు చూశాడని నమ్మినవాళ్ళ మనవలం, మునిమనవలం మనం. ముఖం చాటేయడం అంటే ఏమిటో మన ఇళ్ళకు ఒకరు చెప్పాలా?

నా చిన్నప్పుడు సింగరాయకొండ దగ్గర మా పల్లెలో మా నాయనమ్మకూ ఆమె తోడికోడలికీ పెరటి గోడ విషయంలో మాట పోయింది. ఒక ఏడు శ్రమ దినాలు మొదలైన సాయంత్రం నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి నడిచింది. అరుగు మీద కూర్చుని, "ఒసే, గుక్కెడు నీళ్ళియ్యి" అంది. ఆమె చెంబు తెచ్చి చేతికివ్వకుండా కింద పెట్టి లోపలికి పోయింది. నాయనమ్మ తాగి, చెంబు బోర్లించి, "వస్తానే" అని లేచింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఇంట్లో మా నాన్నకు తల కొట్టేసినట్టయి, "నీకు సిగ్గు లేదా అమ్మా, వాళ్ళ గడప తొక్కుతావు?" అని కేకలేశాడు. "శ్రమ దినాలు కదరా, సిగ్గు మానేశాను" అంది. చివరికి ఒకరోజు లోపలి నుంచి, "కూడు తిన్నావా?" అని వినబడింది. పొద్దుగూకినాక తింటానంది నాయనమ్మ. "గూకిందిలే, రా" అని ఆమె కంచంలో అన్నం, గోంగూర పెట్టి, పక్కనే ఉల్లిపాయ చితక్కొట్టి వేసింది. ఇద్దరూ గోడ మాట ఎత్తలేదు. ఆ గోడ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

అందుకే చెబుతున్నాను, వెళ్ళండి. మొదటిరోజే లెక్కలు తేల్చుకోవాలని వెళ్ళొద్దు. పెద్దమనుషులను వెంటేసుకుని పోవద్దు, అది పంచాయితీ అవుతుంది. "తప్పు వాళ్ళదైతే నేనెందుకు పోవాలి?" అంటారా? మత్తయి 5లో ప్రభువు చెప్పింది ఒకసారి చూడండి. నీ సహోదరుని మీద నీకు కోపముంటే అనలేదు, "నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని" గుర్తొస్తే అన్నాడు. అర్పణం అక్కడే వదిలేసి వెళ్ళమన్నాడు.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గరికి ఆడబిడ్డను ఈ వచనం చూపించి పంపకండి. యెషయా ఆ అధ్యాయంలో ముందు చెప్పింది కట్లు విప్పడం, బాధింపబడినవారిని విడిపించడం. ముఖం తప్పించకపోవడం ఆ తర్వాతి వచనంలో వస్తుంది. అలాగే, "మీ పనివారిచేత కఠినమైన పని చేయించుదురు" అన్న మాటా ఆ అధ్యాయంలోనే ఉంది. మిరప కోతలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పనులు ముమ్మరంగా ఉన్న రోజులివి. కూలి బాకీ పెట్టి, డబ్బులడుగుతుందని ఆమెను తప్పించుకుని తిరిగేవాళ్ళు ముందు ఆ కూలి ఇచ్చి రండి. తర్వాత ఉపవాసం ఉండొచ్చు.

పాస్టర్ గార్లకు ఒక విన్నపం. శ్రమ దినాల పట్టికలో ఈ ఏడు ఒక శుక్రవారం సాయంత్రం కూటం తీసేయండి. పాటలొద్దు, ప్రసంగమొద్దు, టీ బిస్కెట్లొద్దు. ఆ సాయంత్రం ప్రతి ఇంటివాళ్ళూ తాము మాట్లాడని ఒక ఇంటికి వెళ్ళాలని ఆదివారమే గుడిలో ప్రకటించండి. సంఘపెద్దల నుంచే మొదలు పెట్టించండి. పొలం పనులకు పోయినవాళ్ళు ఇల్లు చేరేసరికి ఏడవుతుంది గనుక, ఏడు తర్వాత అని చెప్పండి.