కాజీపేటలో రెండు నిమిషాలు

చిన్నప్పటి దోస్తుల మీద తీసిన సినిమా ఏది కనబడ్డా నేను వదలను. భాష రాకపోయినా సరే, కింద అక్షరాలు పడితే చాలు. నలుగురు పోరగాళ్లు చెరువు కట్ట మీద నడిచిపోతున్న షాట్ ఒక్కటి పడిందంటే ఆ రాత్రి ఇక నిద్ర పట్టదు. ఎందుకిట్లా అవుతుందని చాలా ఏళ్లు ఆలోచించలేదు కానీ, పోయిన దసరాకు కాజీపేట పోయొచ్చినప్పటి నుంచి ఈ సినిమాలన్నిటి గురించీ ఒకటే మాట లోపల తిరుగుతోంది.

ముందు 'స్టాండ్ బై మీ' సంగతి చెప్తాను. స్టీఫెన్ కింగ్ రాసిన కథను రాబ్ రైనర్ 1986లో సినిమాగా తీశాడు. 1959లో అమెరికాలోని ఆరెగాన్ అనే రాష్ట్రంలో ఒక చిన్న ఊరు, పన్నెండేళ్ల వయసున్న నలుగురు దోస్తులు. తప్పిపోయిన ఒక పిల్లవాడి శవం రైలు పట్టాల పక్కన పడి ఉందని విని, ఇంట్లో అబద్ధం చెప్పి, పట్టాల వెంబడి నడుచుకుంటూ దాన్ని చూడ్డానికి పోతారు. కథ అంతే. నేను దీన్ని మొదటిసారి నాగ్‌పూర్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ గదిలో చూశాను, ఒక్క కంప్యూటర్ ముందు పదిమందిమి ఇరుక్కుని కూర్చుని. నీళ్లలో దిగిన పిల్లలకు జలగలు పట్టే చోట అందరం పడీ పడీ నవ్వాం. రెండోసారి నలభై దాటాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఒక్కడినే చూశాను. అదే సినిమా, అవే జలగలు, ఒక్కచోట కూడా నవ్వు రాలేదు.

ఆ రైలు పట్టాల వల్లే అనుకున్నా మొదట. మా నాన్న కాజీపేట డీజిల్ షెడ్డులో పనిచేసేవాడు, మేం రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాం. గోల్కొండ వచ్చిందా, కృష్ణా పోయిందా, భాగ్యనగర్ లేటా, ఇదే మాకు గడియారం. అంచులు వంకీలు తిరిగిన అల్యూమినియం పది పైసల బిళ్లను పట్టా మీద పెట్టి, దూరంగా తుప్పల్లో బోర్లా పడుకుని, గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టేవాళ్లం. బండి పోయాక ఉరికి చూస్తే బిళ్ల పట్టా మీద ఉండదు, కంకర్లో ఎక్కడో పడి ఉంటుంది, పట్టుకుంటే వేలు చురుక్కుమనేది. రావి ఆకంత పలచగా సాగిపోయి, సింహాలు ఒకవైపు, అక్షరాలు ఒకవైపు జరిగిపోయి ఉండేవి. ఇప్పుడు నా కొడుకు ఆ పని చేస్తే నా గుండె ఆగిపోతుంది. అప్పుడు మాత్రం అంతకు మించిన ఆస్తి లేదు.

మేమూ నలుగురమే. నేను, క్వార్టర్స్‌లోనే ఉండే ఇద్దరు, వాడు. వాడు మా క్వార్టర్స్ పిల్లవాడు కాదు. వాళ్ల నాన్న ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేవాడు, లైను అవతల రేకుల ఇంట్లో ఉండేవాళ్లు. చిర్రగోనె, అదే గిల్లీ దండా, ఆడితే వాడి ముందు ఎవరూ నిలిచేవాళ్లు కాదు. ఒకసారి వాడు కొట్టిన చిర్ర నా నుదుటికి తగిలి ఎముక కనబడేంత తెగింది. నాకంటే వాడే ఎక్కువ ఏడ్చాడు. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, ఆ పొద్దున బతుకమ్మకు పువ్వు తేవడం మా నలుగురి పని. ఊరు దాటితే కంచెల నిండా తంగేడు, చేన్ల గట్ల మీద గునుగు. తంగేడు ఎవరైనా తెంపుతారు, గునుగే కష్టం. పొద్దెక్కకముందు పోతే మంచుకు తడిసి మెత్తగా ఉంటుంది, కాడ పొడుగ్గా ఉండేలా కింది నుంచి కోయాలి, లేకపోతే తాంబాళంలో పేర్చేటప్పుడు నిలబడదు. వాడు కొడవలితో కాడలన్నీ ఒకటే పొడుగు వచ్చేలా కోసి, కట్టలు కట్టి, ఒక కట్ట వాళ్ల అమ్మకు, ఒక కట్ట మా అమ్మకు అని పక్కకు పెట్టేవాడు. మా అమ్మ ఆ తెల్లటి కొసల్ని రంగుల్లో ముంచి ఆరబెడుతుంటే, ఏ వరుసలో ఏ రంగు రావాలో వాడే చెప్పేవాడు. "పెద్దమ్మా, గులాబిది నడుమ పెట్టు" అని. మా అమ్మ అలాగే పెట్టేది.

1995లో నాన్నకు సికింద్రాబాద్ బదిలీ అయింది. ఎండాకాలం సెలవులకు వస్తానని వాడికి చెప్పాను. పోలేదు. ఆ ఏడూ పోలేదు, తర్వాతి ఏడూ పోలేదు, ఆ తర్వాత వాడికి చెప్పిన మాటే మర్చిపోయాను. నాగ్‌పూర్‌లో చదివిన నాలుగేళ్లు ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, అదే ఇప్పటి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, కాజీపేట మీదుగానే పోయేవాణ్ని. అక్కడ బండి ఆగేది రెండు నిమిషాలు. ఒక్కసారి కూడా దిగలేదు.

ఇప్పుడు మళ్లీ సినిమాకు వస్తాను. 'స్టాండ్ బై మీ' కథ చెప్పేది ఆ నలుగురిలో పెద్దయ్యాక రచయిత అయినవాడు. వాడి ప్రాణస్నేహితుడు క్రిస్, దొంగల ఇంటి పిల్లవాడని ఊరంతా ముద్ర వేసినవాడు, పట్టుబట్టి చదివి లాయరవుతాడు, ఎవరో ఇద్దరు కొట్టుకుంటుంటే ఆపబోయి కత్తిపోటుకు చచ్చిపోతాడు. అది చూసి అందరూ ఏడుస్తారు, నేనూ ఏడ్చాను. కానీ మిగిలిన ఇద్దరు? ఒకడు పెళ్లి చేసుకుని కలప డిపోలో బండి నడుపుతున్నాడట, ఇంకొకడు కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చి ఏవో చిన్నాచితకా పనులు చేసుకుంటున్నాడట. రెండు ముక్కలు, అంతే. గంటన్నర సేపు మనతో పాటు నడిచిన పిల్లలకు, కథ చెప్పేవాడు ఇచ్చిన చోటు అంత. రెండోసారి చూసినప్పుడు నేను అక్కడే ఆగిపోయాను. ఈ సినిమాలు దాదాపు అన్నీ ఊరు విడిచి పోయినవాడు చెప్పే కథలే. ఉండిపోయినవాడు వాడి జ్ఞాపకంలో ఎప్పటికీ పన్నెండేళ్లవాడే.

మన తెలుగులో అయితే బాల్యం చాలాసార్లు పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్. పిల్లవాడు సైకిలు తొక్కుతుంటాడు, చక్రం తిరుగుతుంది, కెమెరా పైకి లేచేసరికి హీరో. 2024లో వచ్చిన 'కమిటీ కుర్రోళ్లు' నాకు అందుకే నచ్చింది, గోదావరి వైపు కథే అయినా దోస్తుల మధ్యకు కులం ఎట్లా వచ్చి కూర్చుంటుందో దాచకుండా చూపించారు. మా నలుగురిలో వాడొక్కడే క్వార్టర్స్ లోపలికి వస్తే చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే ఎందుకు కూర్చునేవాడో ఆ రోజుల్లో నేను అడగలేదు. మా ఇంట్లోవాళ్లూ లోపలికి రమ్మనలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం ఇరాన్ సినిమా. అబ్బాస్ కియరోస్తమి 1987లో తీశాడు, పేరుకు అర్థం 'దోస్తు ఇల్లెక్కడ' అని. ఫార్సీ పేరులో కూడా ఉన్నది 'దూస్త్' అన్న మాటే, మనం రోజూ అనే దోస్తు అక్కడి నుంచి వచ్చిందే. అహ్మద్ అనే చిన్న పిల్లవాడు పక్కన కూర్చునేవాడి నోటుబుక్కు పొరపాటున ఇంటికి తెచ్చుకుంటాడు. రేపు హోంవర్క్ నోటుబుక్కులో రాసుకుని రాకపోతే బడిలోంచి తీసేస్తానని సారు ఆ దోస్తును బెదిరించి ఉంటాడు. వాడి ఇల్లు ఎక్కడో తెలియదు, గుట్ట అవతల ఊరు. ఈ పిల్లవాడు వంకరటింకర దారిలో గుట్టెక్కి దిగి, మళ్లీ ఎక్కి దిగి, అడిగినవాళ్లనే అడుగుతూ చీకటి పడేదాకా తిరుగుతాడు. ఇల్లు దొరకదు. ఇంటికొచ్చి వాడి హోంవర్క్ కూడా తానే రాసి తీసుకుపోతాడు. 1990లో ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. కియరోస్తమి ఆ పిల్లలు బతికి ఉన్నారో లేదో అని కొడుకును తీసుకుని వెతుక్కుంటూ పోయాడు, ఆ ప్రయాణం మీదే తర్వాత ఇంకో సినిమా తీశాడు. వెనక్కి పోయి వెతికాడు కదా, ఆయన మీద నా ప్రేమంతా అందుకే.

పోయిన పెత్రమాసకు నేనూ పోయాను, ముప్పై ఏళ్లకు. క్వార్టర్స్ దగ్గర వాడి గురించి ఇద్దరు ముగ్గుర్ని అడిగితే స్టేషన్ రోడ్డులో పంక్చర్ షాపు చూపించారు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేవలేదు, చేతిలో ట్యూబు అట్లాగే పట్టుకుని, "ఏందిరా, ఎండాకాలం సెలవులు ఇప్పుడొచ్చినయా?" అన్నాడు.

నేను పోయాక ఏం జరిగిందో వాడు చెప్పాడు. ముగ్గురూ రోజూ సాయంత్రం మా ఖాళీ క్వార్టర్‌కు పోయేవాళ్లట. వెనక గోడ మీద నేను బొగ్గుతో గీసిన మూడు వికెట్లు ఉండేవి, కొత్తవాళ్లు వచ్చి సున్నం వేసేదాకా అక్కడే ఆడారట. తర్వాత ఒకడు సింగరేణికి పోయాడు, ఒకడు గల్ఫ్ పోయాడు. నాన్న మంచం పడితే వీడు చదువు ఆపి చాయ్ కెటిల్ పట్టుకుని ప్లాట్‌ఫారం ఎక్కాడు. ఇదంతా చెప్పి, కాసేపాగి అన్నాడు.

"నిన్ను ఒకపారి సూసిన. ఏపీ ఎక్స్‌ప్రెస్‌ల కిటికీ పక్కకు కూసున్నవు. ఆ గాటు సూసి గుర్తువట్టిన."

"మరి పిలువలేదేందిరా?"

"నీ దోస్తులున్నరు గదా. అందరు నవ్వుకుంట ముచ్చట వెట్టుకుంటున్నరు. చాయ్ చాయ్ అనుకుంట రెండుసార్లు నీ కిటికీ కాడికి వొచ్చిన. ఒకడు రెండు చాయ్‌లు తీసుకున్నడు. అండ్ల ఒకటి నువ్వే తాగినవు."

నాకు నోట మాట రాలేదు. చాలాసేపటికి, పైసలు తీసుకున్నావా అని అడిగాను.

"నేనద్దన్న. గాయన కిటికీల కెళ్లి ఇసిరిండు. బండి కదిలింది."