వండిన గిన్నెలోనే దాచాలని: మూడు నెలల మూతల లెక్క

మార్చి 9, ఆదివారం

రెండేళ్ల కిందట కొన్న 28 లీటర్ల ఓటీజీ (కరెంటు ఓవెన్) మీద ఇన్నాళ్లూ ఉల్లిపాయల బుట్ట ఉండేది. ఇవాళ బుట్ట కిందికి దిగింది. పెట్టుకున్న పని ఇదీ: కూరైనా అన్నమైనా ఏ గిన్నెలో ఓటీజీలోకి వెళ్తుందో ఆ గిన్నెతోనే బల్ల మీదికి రావాలి. మిగిలింది అదే గిన్నెలో మూత పెట్టుకుని ఫ్రిజ్‌లోకి పోవాలి. మర్నాడు అందులోనే వేడెక్కాలి. మధ్యలో ఇంకో గిన్నెకు పని పడకూడదు. మా ఇంట్లో రాత్రి అంట్లు నా వంతు కాబట్టి, ఈ సరదాలో నా స్వార్థం కొంత ఉంది.

గృహప్రవేశానికి వచ్చిన గాజు డబ్బాలు మూడు అటక మీద అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఒకటి దించి, బంగాళదుంప, క్యారెట్, క్యాప్సికం ముక్కలకు నూనె, ఉప్పు, మిరియాల పొడి పట్టించి, 200 డిగ్రీల దగ్గర అరగంట పెట్టాను. ముక్కలు అంచులు ఎర్రబడి చక్కగా వచ్చాయి. మసిబట్టతో పట్టుకుని తీసి గట్టు మీద పెట్టాను. ఆ గట్టును మా ఆవిడ అప్పుడే తడిబట్టతో తుడిచింది. టప్పుమని ఒక్క చప్పుడు. గిన్నె పెంకులుగా కాదు, కలకండ పలుకుల్లా గట్టంతా చెదిరిపోయింది. చీపురుతో ఊడ్చి, తడి గుడ్డతో అద్ది, సాయంత్రానికి కూడా స్టవ్ కింద పలుకులు దొరుకుతూనే ఉన్నాయి.

మిగతా రెండు డబ్బాలు తిప్పి చూస్తే అడుగున రాసింది "మైక్రోవేవ్ సేఫ్" అని మాత్రమే. నేను దాన్ని ఓవెన్‌కీ పనికొస్తుందని చదువుకున్నాను. మైక్రోవేవ్‌లో తిండి వేడెక్కుతుంది, గిన్నెకు చేరేది ఆ తిండి వేడే. ఓటీజీలో కమ్మీలు ఎర్రగా కాలుతూ గిన్నెనే ముందు కాల్చేస్తాయి. రెండింటికీ పోలికే లేదు. పలుకులుగా పగిలిందంటే అది టెంపర్ చేసిన, అంటే గట్టిపరిచిన, మామూలు గాజు. వేడికి ఎక్కువ సాగుతుంది, ఒకచోట హఠాత్తుగా చల్లబడితే అక్కడ ముడుచుకుంటుంది, తక్కిన చోట ముడుచుకోదు. ఆ లాగుడికి పగులుతుంది. వేడికి తట్టుకునేలా చేసే బోరోసిలికేట్ గాజు సాగేది అందులో మూడో వంతే. అలాగని దాన్ని తడి గట్టు మీద పెట్టొచ్చని కాదు. చెక్కపీట అనేది అందుకే ఉంది.

మార్చి 16, ఆదివారం

షాపుకు వెళ్లేటప్పుడు టేపు జేబులో వేసుకున్నాను. ఓటీజీ లోపలి వెడల్పు 33 సెంటీమీటర్లు. షాపులో ముందు నచ్చిన గిన్నె పక్క పిడులతో కలిపి 36. లీటర్లు చూసి కొంటే తలుపు పట్టదు. పట్టినా, గోడకూ గిన్నెకూ మధ్య కనీసం రెండు సెంటీమీటర్ల సందు లేకపోతే వేడిగాలి తిరగదు, ఒక పక్క మాడుతుంది, ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది. ఎత్తు కూడా కొలవాలి. మూత పైన ఉన్న బుడిపె పై కమ్మీలకు తగలకూడదు. అలాగే ఫ్రిజ్ అరల మధ్య ఎత్తు ముందే కాగితం మీద రాసుకోండి. నేను రాసుకోలేదు. పెరుగు గిన్నెను వేరే అరకు మార్చాల్సి వచ్చింది.

రెండు కొన్నాను, రెండూ బోరోసిలికేట్. ఒకటి నలుపలకలది, 1.6 లీటర్లు, నాలుగు పక్కలా టక్కుమని పడే ప్లాస్టిక్ మూత, లోపల రబ్బరు రింగు. రెండోది గుండ్రంది, లీటరున్నర, గాజు మూత. నలుగురికి ఒక పూట కూరకు ఏదైనా సరిపోతుంది. ఫ్రిజ్‌లో మాత్రం నలుపలకలదే నయం, ఒకదాని మీద ఒకటి కూర్చుంటుంది.

ఈ గాజు గిన్నెల కథ ఒకటి ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. అమెరికాలో కార్నింగ్ గాజు కంపెనీలో పనిచేసే లిటిల్టన్ అనే శాస్త్రవేత్త 1913లో బ్యాటరీల కోసం చేసిన గాజు జాడీ అడుగు భాగాన్ని కోయించి ఇంటికి తెచ్చాడు. ఆయన భార్య బెస్సీ అందులో కేకు చేసింది. 1915లో ఆ కంపెనీ పైరెక్స్ గాజు గిన్నెలు బజారుకొచ్చాయి. మన దగ్గర బోరోసిల్ గాజు కంపెనీ 1962లో మొదలైంది. మొదటి కేకు బ్యాటరీ జాడీలో ఉడికిందంటే, నా డబ్బా పగిలినందుకు కొంచెం ఊరట.

మార్చి 23, ఆదివారం

గుత్తి వంకాయ. తొమ్మిది లేత కాయలు, నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి, ధనియాల పొడి. గుండ్రటి గిన్నెలో కాయలు నిలబెట్టి, నాలుగు చెంచాల నూనె, అరకప్పు చింతపండు రసం పోసి, గాజు మూత పెట్టి 180 దగ్గర 40 నిమిషాలు, మూత తీసి మరో 10. కలపక్కర్లేదు, అడుగంటలేదు, ఒక్క కాయా విడిపోలేదు. స్టవ్ మీద మూకుడులో ఇంత ఒద్దికగా నాకెప్పుడూ రాలేదు.

పోపు మాత్రం పోపు గరిటెలోనే వేశాను. గాజు గిన్నెను గ్యాస్ మీద పెట్టకూడదు, బోరోసిలికేట్ అయినా సరే. కాబట్టి పోపు గరిటె లెక్కలోకి రాదని ఇక్కడే నియమం సవరించుకుంటున్నాను.

దాచేటప్పుడు తెలిసింది అసలు సంగతి. గాజు మూత అంచు గిన్నె మీద ఊరికే కూర్చుంటుంది, పట్టదు. ఆవిరి కొంచెం పోతూ ఉండాలి కాబట్టి వంటకు అదే సరి. ఫ్రిజ్‌లో మాత్రం తెల్లారేసరికి పెరుగుకు వెల్లుల్లి వాసన పట్టింది. నలుపలకల గిన్నె ప్లాస్టిక్ మూత వాసనను బిగించేస్తుంది గానీ ఓటీజీలోకి పోనే కూడదు. దాని మీద త్రికోణంలో 5 అంకె ఉంది, అంటే పాలీప్రొపిలీన్. అది 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒక గిన్నెతో రెండు పనులూ జరుగుతాయేమో గానీ ఒక మూతతో జరగవు. "వండేదానికీ దాచేదానికీ" అని పెట్టె మీద రాసినవాళ్లు గిన్నె గురించి రాశారు, మూత గురించి కాదు.

ఏప్రిల్ 13, ఆదివారం

అమ్మ ఊరి నుంచి వచ్చింది. కోనసీమ మనిషి, దిబ్బరొట్టె అడిగింది. "మా చిన్నప్పుడు ఇత్తడి గిన్నెలో పిండి పోసి, మూత మీద కూడా నిప్పులు వేసేవాళ్లంరా, కిందా పైనా సమానంగా కాలేది" అంది. కిందా పైనా కమ్మీలు కాలడమే కదా ఓటీజీ అంటే. నాకు ఉత్సాహం వచ్చింది.

ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, జీలకర్ర, ఉప్పు. పిండి గట్టిగా. గుండ్రటి గాజు గిన్నెలో నూనె రాసి పిండి వేసి, మూతతో 180 దగ్గర 50 నిమిషాలు. లోపల మెత్తగా ఉడికింది. పైన మాత్రం మూత నుంచి కారిన నీటిచుక్కలతో తెల్లగా, చెమటపట్టిన మొహంలా ఉంది. అడుగు బిస్కెట్ రంగు దాటలేదు. దిబ్బరొట్టెకు ప్రాణమే ఆ ఎర్రటి పెచ్చు.

సాయంత్రం మిగిలిన పిండితో ఇనప మూకుడు, పాత ఇనప మూత. ఖాళీ మూకుడును ముందే 220 దగ్గర పావుగంట కాల్చి, నూనె పోసి, పిండి జారవిడిస్తే చుయ్‌మంది. గాజుతో ఈ పని చేయలేం, కాలిన ఖాళీ గాజులో చల్లటి పిండి పోస్తే ఇంకో ఆదివారం పలుకులు ఏరుకోవాలి. మూతతో 30 నిమిషాలు, మూత తీసి 20. అరంగుళం మందాన పెచ్చు, కొరికితే చప్పుడు. అమ్మ రెండు ముక్కలు తిని, "మూత ముందే తీయాలిరా, ఆవిరి ఉడికిస్తుంది గానీ కాల్చదు" అంది. పొద్దున్నే చెబితే ఏం పోయింది?

ఇనుము వండటంలో గాజును ఓడించేసింది. దాచడంలో ఇనుముకు సున్నా. రొట్టెను అందులోనే ఉంచితే మర్నాటికి అడుగున తడి చేరి, తుప్పు మరకతో లేచింది.

మే 4, ఆదివారం

కూరగాయల దమ్ అన్నం. ఇది వంట గురించి కాదు, చల్లారడం గురించి.

నలుపలకల గిన్నె మీద ఫాయిల్ కప్పి వండి, బల్ల మీద పెట్టి, సగం మిగిలితే ఫాయిల్ తీసి వేడిగానే ప్లాస్టిక్ మూత బిగించాను. రెండు తప్పులు ఒకేసారి. ఆవిరి మూతకు తగిలి నీరై అన్నం మీద కురిసింది, పైపొర ముద్దయింది. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోవడంతో మూత లోపలికి గుంటపడి అతుక్కుపోయింది. ఎంత లాగినా రాలేదు. కిందినుంచి రబ్బరు రింగును చెంచా కాడతో పైకి లేపితే 'ఫుస్' మని వచ్చింది.

మళ్లీ చేసి, ఈసారి వంటింటి థర్మామీటరు గుచ్చి చూశాను. గిన్నె నిండుగా ఉంటే 88 డిగ్రీల నుంచి 45కి రావడానికి గంటా 50 నిమిషాలు. మందపాటి గాజు వేడిని పట్టుకుని కూర్చుంటుంది, వడ్డనలో మనం మెచ్చుకునేది ఇదే గుణాన్ని. పైగా మేలో మా వంటగదే 36 ఉంటుంది, అంతకంటే చల్లారదు. ఇంత వేడిలో అన్నాన్ని బయట గంటకు మించి ఉంచకూడదు. ఉడికినా చావని బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తులు ఆ గోరువెచ్చదనంలోనే మొలుస్తాయి, అవి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

ఇప్పుడు చేస్తున్నది: మిగిలినదాన్ని గిన్నెలో సగం ఎత్తుకు మించి ఉంచను. జాలీ స్టాండు మీద, ఫ్యాన్ కింద, మూత వారగా పెట్టి 40 నిమిషాలు. చేయి పెడితే గోరువెచ్చగా అనిపించగానే ఫ్రిజ్. అందులో కూడా మొదటి గంట ఒక మూల క్లిప్పు వేయను.

తిరిగి వేడిచేయడానికి: ఫ్రిజ్ లోంచి తీసి అరగంట బయట, తర్వాత ముందే వేడిచేసిన ఓటీజీలో 150 దగ్గర, మధ్య అరలో, ఫాయిల్ కప్పి 25 నిమిషాలు. ఓటీజీని చల్లగా ఉన్నప్పుడే గిన్నెతో సహా ఆన్ చేయడం మంచిదనుకునేవాణ్ని. అది తప్పు. మొదటి పది నిమిషాల్లోనే కమ్మీలు ఆగకుండా ఎర్రగా కాలుతూ గిన్నె అడుగును నేరుగా కాలుస్తాయి. తొందరైతే మైక్రోవేవ్, మూత క్లిప్పులన్నీ విప్పి.

మే 25, ఆదివారం

చిల్లర ప్రయోగాలు. స్టీలు టిఫిన్ డబ్బా ఓటీజీలో బాగానే పనిచేస్తుంది, మూతకు రబ్బరు లేకపోతే. దాని మూత పోయింది కాబట్టి టమాటా పప్పు మీద ఫాయిల్ కప్పి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున ఫాయిల్‌కు పప్పు తగిలిన చోటల్లా సూదిబెజ్జాలు, కింద బూడిదరంగు మచ్చలు. స్టీలు ఒక లోహం, అల్యూమినియం ఇంకోటి, మధ్యలో ఉప్పూ పులుపూ. చిన్న బ్యాటరీయే. ఆ పొర తీసి పారేశాం. సిల్వర్ (అల్యూమినియమే) కేకు గిన్నెకు మూత ఉన్నా, పులుపున్నవి అందులో దాచే ఆలోచన అక్కడితో ఆగింది.

ప్లాస్టిక్ మూత పసుపుకు కామెర్ల రంగులోకి వచ్చింది. సబ్బు, నిమ్మచెక్క, వంటసోడా, ఏదీ కదల్చలేదు. డాబా మీద రెండు మధ్యాహ్నాలు ఎండలో పెడితే దానంతటదే పోయింది. పసుపు రంగుకు ఎండ పడదు. రబ్బరు రింగును మాత్రం పుల్లతో లేపి తీసి చూసి ఉలిక్కిపడ్డాను. గాడి పొడుగునా నల్లటి బూజు, ఎండిన కూర. వారానికోసారి తీసి కడిగి, గాడి పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టాలి. తడిగా బిగిస్తే మళ్లీ అదే కథ. వెల్లుల్లి వాసన రింగుకు ఇంకా కొంచెం ఉంది, దానితో రాజీపడ్డాను.

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె. హైదరాబాద్‌లో ఇవాళ కొర్రమీను దొరకాలంటే తెల్లారకముందే వెళ్లాలి. ఏడింటికి వెళ్లిన నాకు రవ్వ చేప దొరికింది.

నలుపలకల గిన్నెలో నూనె, ఉల్లిపాయ ముద్ద, అల్లం వెల్లుల్లి, కారం కలిపి మూత లేకుండా 200 దగ్గర 25 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలిపాను. పచ్చివాసన పోయింది. చింతపండు రసాన్ని విడిగా మరిగించి పోశాను. వేడి గాజులో చల్లటి రసం పోయకూడదు, ఇది గుర్తుండాలని పొద్దుటే ఓటీజీ మీద చీటీ అంటించుకున్నాను. ముక్కలు పేర్చి, ఫాయిల్ పులుసుకు తగలకుండా ఎత్తుగా కప్పి 180 దగ్గర 30 నిమిషాలు. కలిపే గరిటె లేదు కాబట్టి ముక్క చెదరలేదు.

చేపల పులుసు మర్నాటికే రుచి. ఎప్పట్లాగే చల్లార్చి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను.

జూన్ 9, సోమవారం

పొద్దున ఫ్రిజ్ తీస్తే చేపల వాసన లేదు. మూత గెలిచింది అనుకుంటూ గిన్నె తీశాను, తేలిగ్గా వచ్చింది. సగమే ఉంది. పై అరలో ఉండాల్సిన పాల ప్యాకెట్లు కూరగాయల పెట్టెలో ఉన్నాయి, ఆ అర మొత్తం అమ్మ మట్టి దాక ఆక్రమించింది. మీద మూకుడు బోర్లించి ఉంది.

"గాజులో పులుసు ఊరదురా" అంది అమ్మ. మధ్యాహ్నం రెండూ పక్కపక్కన పెట్టుకుని తిన్నాం. నాకు తేడా తెలియలేదు. మా ఆవిడ దాకదే బాగుందంది, ఎందుకో చెప్పలేదు. రాత్రి సింకులో గాజు గిన్నె, దాని ప్లాస్టిక్ మూత, రబ్బరు రింగు, రసం మరిగించిన గిన్నె, పోపు గరిటె, దాక, మూకుడు. దాకను సబ్బుతో తోమొద్దని, పీచుతో వేడినీళ్లతో కడగమని అమ్మ గదిలోంచి కేకేసింది.